ఆకాశరామన్న చెప్పాడని రాస్తే కేసు తప్పుతుందా?

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. మీరు చిన్న వార్తా సైటు నడుపుతున్నారు. ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉద్యోగి ఫోన్ చేసి, అక్కడి కొనుగోళ్ల విభాగం అధిపతి సరఫరాదారుల దగ్గర కమీషన్లు తింటున్నాడని చెప్పాడు. రెండు బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. తన పేరు ఎక్కడా రాకూడదన్నాడు. మీరు అడిగినవి మూడు. "ఆరోపణలు" అని జాగ్రత్తగా రాస్తే పరువునష్టం కేసు రాకుండా ఉంటుందా? కేసు పడితే ఆ ఉద్యోగి పేరు కోర్టులో చెప్పాలా? అధిపతి పేరు రాయకుండా వదిలేస్తే గండం గడుస్తుందా?

మొదటిదానికి జవాబు: ఉండదు. రెండోదానికి: చెప్పమని కోర్టు అడగొచ్చు, అడిగితే కాదనడానికి మన చట్టంలో మీకు గట్టి ఆసరా లేదు. మూడోదానికి: గడవదు, కొన్నిసార్లు ఇంకా ముదురుతుంది. నేను చాలాకాలం దినపత్రిక డెస్కులో పనిచేసి, తర్వాత అచ్చుకు వెళ్లే ముందు కాపీలను చట్టం కోణంలో చదివే పనిలో ఉన్నాను. కాబట్టి వివరంగానే చెప్తాను. అయితే మీ కథనం ఎదురుగా పెట్టుకుని చదివే లాయరుకు ఇది బదులు కాదు.

"ఆరోపణలు" సంగతి. మన వార్తల భాషలో దీనికి చుట్టాలు చాలా ఉన్నాయి: విశ్వసనీయ వర్గాల సమాచారం, తెలిసింది, భోగట్టా, గుసగుసలు వినిపిస్తున్నాయి, అనే అనుమానాలు వ్యక్తమవుతున్నాయి. రాసేవాళ్లకు ఇవి ధైర్యం ఇస్తాయి. చట్టం దృష్టిలో వీటికి దాదాపు విలువ లేదు. ఒకరి పరువు తీసే మాటను మీరు ప్రచురించారంటే దాని బాధ్యత మీది. ఆ మాట మొదట ఎవరి నోట పుట్టిందన్నది మిమ్మల్ని బయటపడేయదు. ఇంగ్లండులో, దాన్ని అనుసరించే దేశాల్లో ఇది పాత సూత్రం: ఫలానావాడు దొంగ అని ఎవరో చెప్పారని రాసినవాడు, చెప్పారన్న సంగతి నిజమని నిరూపిస్తే సరిపోదు, దొంగతనం నిజమని నిరూపించాలి. మన శిక్షాస్మృతి ఇంకో అడుగు ముందుకేసి, వ్యంగ్యంగా అన్నా, ఇదో అదో అన్నట్టు ప్రత్యామ్నాయంగా అన్నా పరువునష్టం కావొచ్చని వివరణలోనే రాసింది. హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకునే అలవాటు ఉన్నవాళ్లు ఆ వివరణ ఒకసారి చదవాలి. "కమీషన్ల కింగ్?" అని పెడితే ఆ గుర్తును పాఠకుడూ పట్టించుకోడు, జడ్జీ పట్టించుకోడు.

ఎందుకంటే పాఠకుడు నిప్పులేనిదే పొగ రాదనుకుంటాడు. కోర్టు చూసేది కూడా ఆ మామూలు పాఠకుడికి మొత్తం మీద ఏమర్థమైందనే. 2002లో ఇంగ్లండు అప్పీలు కోర్టు, ఒక నర్సు ఒక పత్రికపై వేసిన చేజ్ కేసులో, ఇలాంటి రాతలు మోసే అర్థాలను మూడు మెట్లుగా విడదీసింది. ఆయన తప్పు చేశాడనేది ఒకటి. చేశాడని అనుమానించడానికి సహేతుకమైన కారణాలున్నాయనేది రెండోది. చేశాడా లేదా అని విచారించడానికి కారణాలున్నాయనేది మూడోది. ఏ మెట్టు మీద నిలబడి రాస్తే ఆ మెట్టుకు సరిపడా రుజువు మీ దగ్గర ఉండాలి. రెండో మెట్టు మీదున్నామంటే "మాకు పలానావాళ్లు చెప్పారు" అని చూపిస్తే చాలదు, ఆ అనుమానానికి తావిచ్చేలా సదరు వ్యక్తి స్వయంగా ఏం చేశాడో చూపించాలి. మూడు మెట్లు ఇంగ్లండువే అయినా, కాపీ చదివేటప్పుడు నాకు ఇంతకంటే పనికొచ్చిన కొలబద్ద దొరకలేదు. చాలా కథనాల్లో జబ్బు ఒకటే. చేతిలో ఉన్న సరుకు మూడో మెట్టుది, రాసిన వాక్యం మొదటి మెట్టుది.

మీ విషయమే తీసుకుందాం. మీరు పంపిన ముసాయిదా మొదటి వాక్యం ఇలా ఉంది: "కొనుగోళ్ల విభాగాన్ని అడ్డం పెట్టుకుని సదరు అధికారి కోట్లు దండుకుంటున్నట్టు ఆస్పత్రి వర్గాలు ఆరోపిస్తున్నాయి." ఇందులో మీ దగ్గర రుజువున్నది ఏది? "కోట్లు" లేదు, బిల్లులు రెండే. "దండుకుంటున్నట్టు" లేదు, డబ్బు ఆయన చేతికి చేరిందని చూపే కాగితం ఏదీ లేదు. "వర్గాలు" కూడా లేదు, ఉన్నది ఒక్క మనిషి. ఒక్క వాక్యంలో మూడు చోట్ల మీరు మీ సమాచారాన్ని దాటి వెళ్లారు. ఆ బిల్లులు అసలైనవేనని తేలితే రాయగలిగేది ఇంత: "ఒకే వస్తువును ఆస్పత్రి ఒకే నెలలో ఇద్దరు సరఫరాదారుల దగ్గర వేర్వేరు ధరలకు కొన్నట్టు మేం చూసిన రెండు బిల్లులు చూపిస్తున్నాయి. ఎక్కువ ధర కోట్ చేసిన సంస్థకు ఆర్డరు ఎందుకు ఇచ్చారన్న మా ప్రశ్నకు యాజమాన్యం ఇలా చెప్పింది." చప్పగా ఉందా? ఉంటుంది. కానీ ఇందులో ప్రతి ముక్కకూ మీ దగ్గర కాగితం ఉంటుంది. ఆకాశరామన్న రేపు ఫోన్ ఎత్తకపోయినా ఈ వాక్యం ఒంటరిగా నిలబడుతుంది.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. పేరు చెప్పని మనిషిని సాక్షిగా లెక్కేసుకోకండి. ఆయన మీకు దారి చూపించేవాడు, అంతవరకే. కథనం మొత్తం పూర్తయ్యాక ఆయన చెప్పాడన్న ఒక్క కారణంతో నిలబడిన వాక్యాలన్నీ కొట్టేసి చూడండి. మిగిలింది వార్త అయితే ప్రచురించండి. ఏమీ మిగలకపోతే మీ దగ్గరున్నది ఇంకా వార్త కాలేదు.

ఇక చట్టం. మన దేశంలో పరువునష్టానికి రెండు దారులున్నాయి, రెండూ ఒకేసారి నడవొచ్చు. క్రిమినల్ దారిలో పాత ఐపీసీ 499, 500 సెక్షన్ల స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వచ్చింది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజసేవ. ఈ నేరాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయమని అడిగితే 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు కాదంది. పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే కేసు కాదిది, బాధితుడే మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు కేసును విచారణకు తీసుకునే ముందు మీ మాట కూడా వినాలి. ఇది మీకు కొత్తగా దక్కిన మేలు, వదులుకోవద్దు. సివిల్ దారిలో నష్టపరిహారం దావా ఉంటుంది, ప్రచురించిన నాటి నుంచి ఏడాదిలోపు వేయాలి. క్రిమినల్ ఫిర్యాదుకు గడువు మూడేళ్లు. రాసిన విలేకరి, ఎడిటరు, ప్రచురణకర్త ముగ్గురినీ ముద్దాయిలుగా చేర్చడం మామూలే. అధిపతి ఒక్కడే కాదు, ఆస్పత్రి కూడా వేయొచ్చు, కంపెనీలకూ సంస్థలకూ పరువుందని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. సివిల్ దావాలో రాసింది నిజమని నిరూపిస్తే చాలు, మీరు గెలిచినట్టే. క్రిమినల్ కేసులో నిజం ఒక్కటే సరిపోదు. దాన్ని ప్రచురించడం ప్రజాప్రయోజనం కోసమేనని కూడా చూపించాలి. రెండింటిలోనూ నిరూపించే బరువు మీ మీదే ఉంటుంది. నిజమని పూర్తిగా నిరూపించలేకపోయినా క్రిమినల్ కేసులో తొమ్మిదో మినహాయింపు ఒకటుంది: ప్రజాప్రయోజనం కోసం సద్భావంతో చేసిన ఆరోపణ. సద్భావం అంటే మనసు మంచిదని అర్థం కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది ఏదీ సద్భావం కాదని శిక్షాస్మృతి నిర్వచనమే చెబుతోంది. అంటే "మేం నమ్మాం సార్" చెల్లదు. నమ్మే ముందు ఏం చేశారని అడుగుతారు.

1994 నాటి రాజగోపాల్ తీర్పు గురించి ఎవరో మీకు చెప్పే ఉంటారు, దాన్ని అందరూ సగమే చెప్తారు. ప్రభుత్వాధికారులు తమ విధి నిర్వహణ మీద వచ్చిన రాతలకు నష్టపరిహారం అడగాలంటే, అది అబద్ధమని, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని నిరూపించాలని సుప్రీంకోర్టు అంది. తగినమేరకు సరిచూసుకున్నాక రాశామని పత్రిక చూపిస్తే చాలు, అక్షరం అక్షరం నిజమని నిరూపించనక్కర్లేదంది. మంచి తీర్పు. కానీ అది ప్రభుత్వాధికారుల అధికారిక పనులకు. ప్రైవేటు ఆస్పత్రి ఉద్యోగికి అది వర్తిస్తుందని ఆశ పెట్టుకోకండి. పైగా ఆ రక్షణ కూడా "సరిచూసుకున్నాక" అనే మాట మీదే నిలబడింది.

అమెరికాలో అయితే ఏం రాసినా చెల్లుతుందని కొందరనుకుంటారు. 1964లో న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సలివన్ తీర్పు అక్కడి పత్రికలకు చాలా రక్షణ ఇచ్చిన మాట నిజం. ప్రభుత్వాధికారి గెలవాలంటే, అబద్ధమని తెలిసీ రాశారని లేదా నిజమో కాదో అన్న లెక్కే లేకుండా రాశారని నిరూపించాలి. అయితే నాలుగేళ్లకే, 1968లో, సెయింట్ అమాంట్ కేసులో అదే కోర్టు ఆ రక్షణ ఎక్కడ ఆగుతుందో ఉదాహరణలతో చెప్పింది. వాటిలో ఒకటి అచ్చంగా మీ పరిస్థితి: సరిచూసుకోని ఆకాశరామన్న ఫోన్ కాల్ ఒక్కదాని మీదే కథనం మొత్తం ఆధారపడితే, "సద్భావంతో రాశాం" అంటే కోర్టు నమ్మడం కష్టమంది. పత్రికలకు అంత వెసులుబాటు ఉన్న చోట కూడా గీత అక్కడే గీశారు.

రోలింగ్ స్టోన్ పత్రిక 2014లో ఒక యూనివర్సిటీలో సామూహిక అత్యాచారం జరిగిందని పెద్ద కథనం వేసింది. బాధితురాలిగా చెప్పిన విద్యార్థినిని మొదటి పేరుతో మాత్రమే రాసింది. ఆమె కథనంలో ఉన్న స్నేహితులను విలేకరి స్వయంగా అడగలేదు, దాడి చేశాడని చెప్పిన యువకుడెవరో నిర్ధారించుకోలేదు. కథనం నిలబడక 2015 ఏప్రిల్‌లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. 2016లో జ్యూరీ ఆ యూనివర్సిటీ డీన్ ఒకరికి 30 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. ఆ పరిహారం దక్కింది దాడి చేశాడన్న వ్యక్తికి కాదు. ఫిర్యాదును పట్టించుకోలేదని కథనం ఎవరి మీద వేలెత్తి చూపిందో ఆ అధికారికి. కథనంలో పక్కపాత్రలుగా వచ్చేవాళ్ల మీద రాసిన వాక్యాలకు ఎవరూ రుజువు వెతకరు, దెబ్బ అక్కడి నుంచే తగులుతుంది. మీ ముసాయిదాలో కూడా "యాజమాన్యం కళ్లు మూసుకుంది" అని ఒక వాక్యం ఉంది. అధిపతి మీద రాసినవాటికంటే నాకు దాన్ని చూసి ఎక్కువ భయమేసింది.

సరిచూసుకోవడం ఎలాగో చెప్తాను, ఇక్కడే కాస్త ఓపిక పట్టాలి. ముసాయిదా ప్రింటు తీసి, ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో రాయండి: ఆయన కళ్లారా చూశాడా, ఎవరో చెబితే విన్నాడా, ఊహించాడా. సోర్సుతో మాట్లాడేటప్పుడు కూడా "మీకెలా తెలుసు?" అని ప్రతి ముక్కకూ అడగాల్సిందే. మొహమాటపడితే పని జరగదు. "అందరికీ తెలిసిందే సార్" అంటే, ఆ అందరిలో ఒకరి పేరు చెప్పమనండి. "నేనే బిల్లు పాస్ చేశాను" అంటే ఏ తేదీన, ఎవరి సంతకం తర్వాత ఎవరి సంతకం పడుతుంది, ఆ ఫైలు ఇప్పుడెక్కడుంది అని అడగండి. నిజంగా ఆ సీట్లో కూర్చున్నవాడు చిన్నచిన్న వివరాలు తడుముకోకుండా చెప్తాడు. కల్పించేవాడు పెద్ద పెద్ద మాటలకు వెళ్లిపోతాడు.

రెండో సోర్సు దొరికాడని సంబరపడే ముందు, ఆయనకు ఆ సంగతి ఎవరు చెప్పారో కనుక్కోండి. మొదటివాడే చెప్పి ఉంటే మీకు దొరికింది రెండో సోర్సు కాదు, మొదటివాడి ప్రతిధ్వని. ఇలాంటి కాపీలు నేను లెక్కలేనన్ని చూశాను: "ముగ్గురు ఉద్యోగులు ధ్రువీకరించారు" అని ఉంటుంది, కదిపితే ముగ్గురూ ఒకే మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర ఒకే మనిషి నోట విన్నవాళ్లు.

కసి ఉందా అన్నది కూడా చూడాలి. ప్రమోషన్ రానివాడో, తీసేసినవాడో అయితే సమాచారం పనికిరాదని కాదు. కడుపు మండినవాళ్లే సాధారణంగా నోరు విప్పుతారు. కాకపోతే ఆ మంట మీకు ముందే తెలిసి ఉండాలి. అవతలి లాయరు కోర్టులో చెప్పేదాకా మీకు తెలియకపోతే, మీరు పాటించిన "తగిన జాగ్రత్త" ఏపాటిదో అక్కడే తేలిపోతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఆ బిల్లుల ఫొటోలు ఇప్పుడున్నట్టుగా దేనికీ పనికిరావు. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్యచట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో 65బీ అనేవాళ్లు. అసలు పరికరాన్నే కోర్టు ముందుంచలేనప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరని 2020లో అర్జున్ పండిత్‌రావ్ తీర్పు తేల్చింది. ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేయాల్సింది ఎవరు? ఆ ఫొటో తీసిన ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు. అంటే పేరు చెప్పొద్దన్న మనిషే. కాబట్టి అదే సమాచారం ఆయన ప్రమేయం లేకుండా ఇంకెక్కడైనా దొరుకుతుందా అని ఇప్పుడే వెతకండి. సరఫరాదారు దగ్గర అదే బిల్లు రెండో ప్రతి ఉంటుంది. సరఫరా సంస్థ కంపెనీ అయితే దాని డైరెక్టర్ల పేర్లు, వార్షిక లెక్కలు రుసుము కట్టి కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఎవరైనా చూడొచ్చు. అధిపతికి దగ్గరి బంధువు అందులో డైరెక్టరని తేలితే మీ కథనానికి అదే వెన్నెముక, సోర్సు అవసరం సగం తీరిపోతుంది. ఆస్పత్రికీ సరఫరాదారుకీ ఏదైనా దావా నడుస్తుంటే దాని అఫిడవిట్లు చూడండి. కోర్టు కార్యకలాపాలను ఉన్నది ఉన్నట్టు రాసే వార్తకు 356వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది.

ఇద్దరి మధ్య బహిరంగంగా గొడవ నడుస్తున్నప్పుడు ఇరువైపుల మాటల్నీ తటస్థంగా నివేదిస్తే ఇంగ్లండు కోర్టులు కొంత రక్షణ ఇస్తాయి. దాన్ని చదివిన వాళ్లు "మేం నివేదించామంతే" అంటూ వస్తారు. ఆ రక్షణకు ప్రాణం, ఎవరు అన్నారో పేరుతో చెప్పడమే. పేరు చెప్పని నోటి మాటకు అది అంటదు.

సోర్సు పేరు కోర్టులో చెప్పాలా అన్న రెండో ప్రశ్న. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2)లో సోర్సును బయటపెట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని ఉంది. అది ప్రెస్ కౌన్సిల్ ముందు నడిచే విచారణకు మాత్రమే. కోర్టుకు అది అడ్డం రాదు. లాయరుకు కక్షిదారు చెప్పిన రహస్యాలకు సాక్ష్యచట్టంలో రక్షణ ఉంది, విలేకరికి సోర్సు చెప్పినదానికి లేదు. అలాంటి రక్షణ చేర్చాలని 1983లో లా కమిషన్ తన 93వ నివేదికలో సిఫార్సు చేసింది, అది సిఫార్సుగానే మిగిలింది. ఇంగ్లండులో 1981 కోర్టు ధిక్కార చట్టం పదో సెక్షన్, యూరప్ మానవహక్కుల కోర్టు 1996లో ఇచ్చిన గుడ్విన్ తీర్పు విలేకరి పక్షాన ఉన్నాయి. అక్కడా ఆ రక్షణకు మినహాయింపులున్నాయి. మన కోర్టులు ప్రతిసారీ పేరు అడుగుతాయని కాదు. చాలా కేసుల్లో అసలు అడగరు. అడగకపోవడమే మీకు చిక్కు. మీరు పేరు చెప్పకుండా ఉండొచ్చు, అప్పుడు "మాకు సోర్సు ఉంది" అన్న మాటకు కోర్టు ఇచ్చే విలువ సున్నా. ఆయన్ను కాపాడారు, మీ వాదన పోయింది. ఇది ఉండే బాధే. అందుకే పైన అన్నది, ఆయన లేకుండా నిలబడే వాక్యమే రాయమని.

మాట ఇచ్చే ముందు ఏం మాట ఇస్తున్నారో ఇద్దరికీ స్పష్టంగా ఉండాలి. "పేరు రాదులే అన్నా, నువ్వు చెప్పు" అని తేల్చేస్తే కుదరదు. పేరు రాదా, హోదా కూడా రాదా, "ఆస్పత్రి ఉద్యోగి" అనొచ్చా, ఆయన పంపిన కాగితం ఫొటో వేయొచ్చా, ఎడిటరుకూ లాయరుకూ పేరు చెప్పొచ్చా, కేసు పడితే అఫిడవిట్ ఇస్తాడా, తెలిసి అబద్ధం చెప్పాడని తేలితే ఈ మాట రద్దవుతుందా. ఇవన్నీ సమాచారం తీసుకోకముందే మాట్లాడుకోవాలి, తర్వాత కాదు. మాట తప్పితే సోర్సే మీ మీదకు రావొచ్చు. అమెరికాలో 1982 ఎన్నికల సమయంలో ఒకాయన అభ్యర్థి పాత కేసుల కాగితాలు, పేరు రాయొద్దన్న షరతు మీద పత్రికలకిచ్చాడు. రెండు పత్రికల ఎడిటర్లు విలేకరులిచ్చిన మాటను పక్కనపెట్టి ఆయన పేరు వేసేశారు, అదేరోజు ఆయన ఉద్యోగం పోయింది. దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాట తప్పినందుకు పత్రికలను బాధ్యులను చేయొచ్చని 1991లో కోహెన్ వర్సెస్ కౌల్స్ మీడియా తీర్పు వచ్చింది. చివరికి రెండు లక్షల డాలర్లు కట్టారు. ఇంకో సంగతి, మీ సోర్సుకు కూడా చెప్పండి: మీకు చెప్పడమే చట్టం దృష్టిలో ప్రచురణ. ఆయనమీదా కేసు వేయొచ్చు.

పాఠకుడికి ఆయన అజ్ఞాతవ్యక్తి కావొచ్చు, మీకు కాకూడదు. పేరూ ఊరూ తెలియని ఈమెయిల్ ఐడీ నుంచి వచ్చిన సరుకును నేను ఏనాడూ సోర్సుగా లెక్కపెట్టనివ్వలేదు. అది ఎటు వెతకాలో చెప్పే చీటీ, అంతే.

పేరు రాయకపోతే తప్పుతుందా అన్నారు. "నగరంలోని ప్రముఖ ఆస్పత్రిలో కొనుగోళ్ల విభాగం అధిపతి" అని రాశారనుకోండి. ఆయన తోటి ఉద్యోగులు, సరఫరాదారులు, ఇంటివాళ్లు గుర్తుపడితే చాలు, కేసు నిలబడుతుంది. ఊరంతా గుర్తుపట్టనక్కర్లేదు. అంతకంటే పెద్ద ముప్పు, ఆ వర్ణనకు సరిపోయే మిగతా ఆస్పత్రుల అధిపతులందరినీ మీరు అనుమానంలోకి లాగారు. ఏ పాపం ఎరగనివాడు వేసిన దావాకు మీ దగ్గర ఏ జవాబూ ఉండదు. 1910లో హల్టన్ వర్సెస్ జోన్స్ కేసులో ఇంగ్లండు పత్రిక ఒకటి, పాత్ర పేరు కల్పితమని మొత్తుకున్నా అదే పేరున్న లాయరుకు 1,750 పౌండ్లు చెల్లించుకుంది. రుజువు ఉంటే పేరు రాయండి. లేకపోతే అతన్ని గుర్తుపట్టించే వివరం ఏదీ రాయకండి. మధ్యస్థంగా సైగలు చేస్తూ రాయడం అన్నిటికంటే చెడ్డది.

వివరణ అడగడంలో మన దగ్గర ఒక చెడ్డ ఆనవాయితీ ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఒక ఫోన్ కొట్టి, "స్పందన కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు" అని రాసేయడం. కోర్టులో ఆ వాక్యం మీ పక్షాన కాదు, మీకే వ్యతిరేకంగా చదువుతారు. ఇంగ్లండులో 1999 నాటి రెనాల్డ్స్ తీర్పు బాధ్యతాయుత జర్నలిజానికి పది ప్రమాణాలు చెప్పింది. సమాచారం ఎవరిచ్చారు, ఎలా సరిచూశారు, అవతలివారి వివరణ అడిగారా, వారి వాదన సారాంశం వేశారా, రాతలో స్వరం ఎలా ఉంది అన్నవి అందులో ఉన్నాయి. ప్రతి ఆరోపణనూ విడివిడిగా, తేదీలు, మొత్తాలతో రాసి, ఈమెయిల్‌లోనూ తపాలాలోనూ పంపండి. జవాబుకు సరిపడా గడువివ్వండి. బిల్లుల విషయమైతే రెండు మూడు పనిదినాలు తక్కువ కాదు. ప్రశ్నలు రాసేటప్పుడు సోర్సు వాడిన ప్రత్యేకమైన మాట ఏదీ అందులో పడకుండా చూసుకోండి. "ఫలానా తేదీన రాత్రి షిఫ్టులో మార్చిన ఎంట్రీ" అని అడిగితే, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో చూసుకోవడానికి వాళ్లకు అయిదు నిమిషాలు చాలు. వచ్చిన జవాబు మీ కథనాన్ని సగం కూల్చేసినా దాన్ని పైపైన కాదు, ఆరోపణ పక్కనే వేయండి.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఏం రాసుకుంటున్నారో కూడా చూసుకోండి. "వీడి పని అయిపోయింది" అని ఎవరో సరదాకు పెట్టిన మెసేజి, దురుద్దేశానికి సాక్ష్యంగా కోర్టులో తేలుతుంది. దానికి బదులు ఎవరితో ఎప్పుడు మాట్లాడారు, ఏది ఎలా నిర్ధారించారు అన్న డైరీ ఏ రోజుకారోజు రాసి పెట్టండి. సద్భావానికి అంతకంటే మంచి రుజువు లేదు.

ప్రచురించాక పని అయిపోయినట్టు కాదు. ఫ్లడ్ వర్సెస్ టైమ్స్ కేసులో, సోర్సుల ఆధారంగా ఒక పోలీసు అధికారిమీద అవినీతి విచారణ జరుగుతోందని 2006లో వేసిన కథనానికి 2012లో బ్రిటన్ సుప్రీంకోర్టు ప్రజాప్రయోజన రక్షణ ఇచ్చింది. కానీ విచారణలో ఆయనపై ఏమీ తేలలేదని 2007లో తెలిశాక కూడా వెబ్‌సైట్లో పాత కథనాన్ని అలాగే ఉంచినందుకు ఆ తర్వాతి కాలానికి పత్రిక ఓడిపోయింది. అచ్చులో గెలిచినవాళ్లే ఆర్కైవ్‌లో ఓడారు. మీది పూర్తిగా ఆన్‌లైన్ సైటు కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మీ లింకును మీ వాళ్లు సొంత ఖాతాల్లో "చూడండి వీడి బాగోతం" అంటూ పంచుకోవడం కూడా ఆపించండి. పరువునష్టకరమైన పోస్టును రీట్వీట్ చేయడం కూడా ప్రచురణేనని 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

లీగల్ నోటీసు వస్తుంది, దాదాపు ఖాయం. అందులో ఎన్ని కోట్లు అడిగారో చూసి గుండె జారిపోనవసరం లేదు. నోటీసులో ఎంతైనా రాసుకోవచ్చు, దావా వేయాలంటే చాలా రాష్ట్రాల్లో అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, అక్కడ చాలామంది చల్లబడతారు. నోటీసు రాగానే కథనం తీసేయకండి, ఫోన్లోంచి ఏదీ చెరపకండి, సోషల్ మీడియాలో సవాళ్లు విసరకండి. ముందు నోటీసులో తప్పని చూపించిన వాక్యాలు మళ్లీ మీ రుజువులతో సరిచూడండి. నిజంగానే ఒక వాక్యం తప్పయితే దాన్ని వెంటనే, కనపడేలా సరిదిద్దండి. తప్పు కాకపోతే లాయరు ద్వారా జవాబివ్వండి. కథనాన్ని ఆపమని అవతలివాళ్లు తాత్కాలిక ఉత్తర్వుల కోసం కోర్టుకు వెళ్తే, విచారణకు ముందే అలాంటి ఉత్తర్వులు అలవోకగా ఇవ్వొద్దని 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్ వర్సెస్ జీ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. మీ లాయరుకు ఆ తీర్పు గుర్తుచేయండి.

మీ విషయంలో నేనైతే ఈ వారం చేసేవి ఇవి. అధిపతి జోలికి ఇప్పుడే వెళ్లను. బిల్లుల్లో ఉన్న రెండు సరఫరా సంస్థల రికార్డులు తీయిస్తాను, డైరెక్టర్లెవరో చూస్తాను. తక్కువ ధర కోట్ చేసి ఆర్డరు పోగొట్టుకున్న మూడో సంస్థ ఉంటే, వాళ్ల ప్రతినిధిని కలుస్తాను. వాళ్లకు కారణం ఉంది, పేరుతో మాట్లాడే అవకాశం కూడా ఉంది. సోర్సును ఇంకోసారి ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ఫొటోలు ఎప్పుడు, ఏ కంప్యూటర్ ముందు తీశాడో, ఆ స్క్రీన్ ఇంకెందరు చూడగలరో అడుగుతాను. ఆ ఫైలు తెరవగలిగేవాళ్లు ముగ్గురే అయితే, ఆ బిల్లుల బొమ్మలు కథనంలో వేయను, ఎంత బాగున్నా సరే. "యాజమాన్యం కళ్లు మూసుకుంది" అన్న వాక్యం మాత్రం ఇవాళే కొట్టేయండి.